అళియ రామరాయల పేరులో కనపడని కూతురు

మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మా వైపు మామూలే. అందుకే 'అళియ' అన్న మాటకు మాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. అళియ అంటే అల్లుడు. విజయనగర రాజ్యాన్ని ఇరవై ఏళ్ళకు పైగా తన గుప్పిట్లో పెట్టుకుని నడిపిన రామరాయల్ని చరిత్ర ఈనాటికీ అళియ రామరాయలు అనే పిలుస్తోంది. అంటే అల్లుడు రామరాయలు. శ్రీకృష్ణదేవరాయల అల్లుడు.

బళ్ళో ఈ పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊళ్ళో ఇల్లరికం వచ్చిన ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్ళు అక్కడే సేద్యం చేసినా ఊరు ఆయన్ని పేరుతో పిలవలేదు, 'ఫలానా వాళ్ళ అల్లుడు' అనేది. అల్లుడు ఉన్నాడంటే కూతురు ఉండాలి కదా. రాయలవారి ఆ కూతురి పేరు తిరుమలాంబ. 1529లో కృష్ణదేవరాయలు చనిపోయేనాటికి ఆయన పసి కొడుకు అప్పటికే పోయాడు. సింహాసనం తమ్ముడు అచ్యుతదేవరాయలకు వెళ్ళింది. 1542లో అచ్యుతుడూ పోయాక జరిగిన కొట్లాటలో రామరాయలు గెలిచి, సదాశివరాయల్ని పేరుకు రాజుగా కూర్చోబెట్టి, పెత్తనం తన చేతిలోకి తీసుకున్నాడు. కత్తి బలం, బుర్ర బలం ఆయనకు ఉన్నాయి, కాదనను. కానీ అలాంటి బలం ఉన్న నాయకులు ఆ కొలువులో ఇంకా చాలామంది ఉన్నారు. రాజవంశంలో ఆయనకు చోటు దొరికింది తిరుమలాంబ మెడలో తాళి కట్టినందుకే. రామరాయలు యుద్ధంలో ఎలా దొరికాడో, తల ఎలా తెగిందో మన పిల్లలు పరీక్షల్లో రాస్తారు. తిరుమలాంబ గురించి రాయడానికి వాళ్ళకు పాఠంలో ఒక్క వాక్యం దొరకదు.

రాకుమార్తెల బతుకుల గురించి రాద్దామని కూర్చున్నప్పుడల్లా నా మనసు ఈ 'అళియ' దగ్గరే ఆగిపోతుంది. ఒక మనిషి పేరుకు ముందు వచ్చి కూర్చున్న ఆ చిన్న మాటలో రాకుమార్తె బతుకు ఎలా నడిచిందో మొత్తం దాగి ఉంది. ఆమె దారి. ఆ దారిన రాజ్యాలు నడిచాయి, పొలాలు నడిచాయి, సంధులు నడిచాయి. నడిచిన వాళ్ళ పేర్లు మిగిలాయి.

అర్ధరాజ్యమూ, కూతురూ

చిన్నప్పుడు మా అవ్వ చెప్పిన కథల్లో రాకుమారి ఏడు మల్లెపూల ఎత్తు ఉండేది. ఆమెకు ఏదో జబ్బు చేసేది, లేదంటే రాక్షసుడు ఎత్తుకుపోయేవాడు. రాజు దండోరా వేయించేవాడు: 'నా బిడ్డను కాపాడిన వాడికి అర్ధరాజ్యమిచ్చి, కూతుర్నిచ్చి పెళ్ళి చేస్తాను.' ఇది కథల కోసం కల్పించిన మాట అనుకునేదాన్ని. చరిత్ర చదివాక తెలిసింది, ఆ కథలో అన్నిటికంటే నిజమైన వాక్యం ఇదేనని.

పెనుకొండకు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. కోటలో గగన్‌మహల్ కమానుల కింద నిలబడితే ఎండాకాలంలో కూడా కాస్త చల్లగా ఉంటుంది. అక్కడికి వచ్చిన వాళ్ళు 'ఇక్కడ రాణులు ఉండేవాళ్ళంట' అనుకుంటూ ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. పెనుకొండ రాజధాని ఎందుకయింది? 1565 జనవరిలో రక్కసి–తంగడి యుద్ధంలో రామరాయలు చనిపోగానే ఆయన తమ్ముడు తిరుమలరాయలు సదాశివుణ్ణి, ఖజానాను వెంటబెట్టుకుని హంపీ వదిలి ఇక్కడికి వచ్చాడు కాబట్టి. మరి ఆ యుద్ధం ఎందుకు అలా తిరగబడింది? ఎప్పుడూ ఒకరితో ఒకరు కొట్లాడుకునే దక్కన్ సుల్తానులు ఆ ఒక్కసారి కలిశారు కాబట్టి. వాళ్ళ కొట్లాటల మీదే రామరాయల రాజకీయం అంతా నడిచింది. ఈ నెల ఒకరికి సాయం, వచ్చే ఏడు ఇంకొకరికి. అలాంటి వాళ్ళు ఒకరినొకరు నమ్మడానికి ఒక పూచీ కావాలి. ఆ పూచీ కింద పెట్టింది ఆడపిల్లల్ని.

అహ్మద్‌నగర్ సుల్తాన్ హుస్సేన్ నిజాంషా తన కూతురు చాంద్‌బీబీని బీజాపూర్ సుల్తాన్ అలీ ఆదిల్‌షాకు ఇచ్చాడు. అలీ తన చెల్లెల్ని హుస్సేన్ కొడుకు ముర్తజాకు ఇచ్చాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాకు హుస్సేన్ మరో కూతుర్ని ఇచ్చాడు. ఇక్కడ నా కన్ను ఆగేది చాంద్‌బీబీతో పాటు ఇచ్చిన దాని దగ్గర. షోలాపూర్ కోట. దాని కోసం రెండు రాజ్యాలూ తరాల తరబడి నెత్తురు పారించాయి. యుద్ధంలో తేలని కోటను పెళ్ళిలో పెట్టి ఇచ్చేశారు. మన రాయలసీమలో కూతురికి 'పసుపు కుంకుమ కింద' ఎకరానో రెండెకరాలో రాసిస్తారే, అలాగ. పేరు కూతురిది, పోయేది అల్లుడి చేతికి.

అప్పటికి చాంద్‌బీబీకి సుమారు పద్నాలుగేళ్ళు. పెళ్ళిపీటల మీద కూర్చున్న ఆ పిల్లకు, తన పెళ్ళి జరిగిన కొద్ది నెలల్లో మహా నగరమొకటి తగలబడుతుందని, ఎక్కడో పెనుకొండ కొండ కింద కొత్త రాజధాని పుడుతుందని ఎవరు చెప్పి ఉంటారు? ఆ కూటమికి కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ కారణాలు ఎన్ని ఉన్నా ముడి వేసింది ఆ పెళ్ళిళ్ళే.

చాంద్‌బీబీని అక్కడితో వదిలేయడం నాకు ఇష్టం లేదు. పూచీగా పంపిన పిల్ల పూచీగానే ఉండిపోలేదు. 1580లో భర్తను చంపేశారు. కొడుకులు లేరు. తొమ్మిదేళ్ళ మరిది కొడుకును గద్దె మీద పెట్టి ఆమె రాజ్యం చూసుకుంది. మధ్యలో ఒక మంత్రి ఆమెను సతారా కోటలో బంధించాడు, బయటపడింది. తర్వాత పుట్టిల్లు అహ్మద్‌నగర్‌కు చేరింది. 1595లో అక్బర్ కొడుకు మురాద్ సైన్యం అహ్మద్‌నగర్ కోటను చుట్టుముట్టింది. గోడ కింద సొరంగాలు తవ్వి మందుపాతర పెట్టి పేల్చారు. గోడ కూలింది. ముసుగు వేసుకుని, కత్తి పట్టుకుని ఆమె ఆ గండి దగ్గరికే వచ్చి నిలబడింది. రాత్రికి రాత్రే రాళ్ళు, మట్టి, ఏది దొరికితే అది వేయించి గోడ మళ్ళీ లేపించింది. తెల్లారి చూస్తే మొగలులకు లోపలికి దారి లేదు. బీరారు ప్రాంతం వదులుకుని, కోట నిలబెట్టుకుంది. నాలుగేళ్ళకు మళ్ళీ ముట్టడి వచ్చింది. ఈసారి గెలవలేమని తెలిసి మాటలతో తేల్చుకుందాం అంది. అంతే, శత్రువుకు అమ్ముడుపోయిందని పుకారు లేచింది. సొంత మనుషులే లోపలికి దూరి చంపేశారు.

పుట్టింటి కోసం అంత చేసినా ఆమె మీద అనుమానం రావడానికి ఒక్క పుకారు చాలింది. రాకుమార్తెకు ఈ ఇబ్బంది అన్ని దేశాల్లోనూ ఉంది. రెండిళ్ళ మనిషి కాబట్టి రెండిళ్ళూ నమ్మవు. 1770లో పద్నాలుగేళ్ళ ఆస్ట్రియా పిల్ల మరీ ఆంట్వానెట్‌ను ఫ్రాన్సు యువరాజుకు ఇచ్చినప్పుడు, రైన్ నది మధ్య లంకలో ఆమెకు పుట్టింటి బట్టలన్నీ విప్పించి ఫ్రాన్సు బట్టలు కట్టించారు. అంత చేసినా ఫ్రాన్సు జనం చివరిదాకా ఆమెను 'ఆ ఆస్ట్రియా మనిషి' అనే తిట్టారు. మన పల్లెల్లో నలభై ఏళ్ళు కాపురం చేసిన కోడల్ని కూడా ఆమె పుట్టిన ఊరి పేరుతో పిలవడం వింటూనే ఉంటాం.

ఇంకొక విషయం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ఈ పెళ్ళిళ్ళకు అసలు ఆ పిల్లే కావాలన్న పట్టుదల కూడా చాలాచోట్ల లేదు. సుమారు 3,400 ఏళ్ళ కిందట ఈజిప్టు ఫారో మూడో అమెన్‌హోటెప్‌ను బాబిలోనియా రాజు పిల్లనడిగాడు. ఈజిప్టు రాజు కూతుర్ని బయటివాళ్ళకు ఇచ్చే ఆచారం ఏనాడూ లేదని ఫారో జవాబు పంపాడు. దానికి బాబిలోనియా రాజు రాసిన ఉత్తరం మట్టి పలక మీద ఇప్పటికీ ఉంది: నీ కూతురు కాకపోతే పోనీ, ఎవరో ఒక అందగత్తెను నీ కూతురన్నట్టు పంపు, కాదని ఎవరంటారు? చైనా చక్రవర్తులు సరిహద్దు రాజులకు ఇచ్చిన 'రాకుమార్తెల్లో' చాలామంది సొంత కూతుళ్ళు కారు, వంశంలోని ఎవరో దూరపు పిల్లలు. 641లో టిబెట్ వెళ్ళిన వెన్‌చెంగ్ కూడా అలాంటి పిల్లే. కావలసింది మనిషి కాదు, 'రాజుగారి కూతురు' అన్న ఆ ముద్ర. దాన్ని మోయడానికి ఒక ఒళ్ళు ఉంటే చాలు. ఇది రాస్తుంటే నాకు కోపం వస్తుంది. మూడు వేల ఏళ్ళ కిందటి పిల్ల మీద జాలి పడి ఏం లాభం అనొచ్చు. అయినా వస్తుంది.

కిరీటం ఎవరి కడుపు మీదుగా పోయింది

రాకుమార్తెలందరి బతుకూ ఒకేలా లేదు. తేడా అంతా ఒక్క ప్రశ్న దగ్గర వస్తుంది: గద్దె ఆమె మీదుగా నడవచ్చా, నడవకూడదా?

మన దగ్గరే చూడండి. నన్నయ చేత భారతం తెలుగులో మొదలుపెట్టించిన రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ. తంజావూరులో పెద్ద గుడి కట్టించిన రాజరాజ చోళుడి కూతురు. వేంగి చాళుక్య విమలాదిత్యుడికి ఇచ్చి చేశారు. ఆ కొడుక్కి మళ్ళీ మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవినే ఇచ్చారు. మేనరికం. వీళ్ళ కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ గద్దె ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. అంటే వేంగి చాళుక్యుల బిడ్డ తంజావూరు చోళులకు చక్రవర్తి అయ్యాడు. ఎలా? అమ్మ వైపు నుంచి, నానమ్మ వైపు నుంచి. రెండు తరాల ఆడబిడ్డలు కావేరి నుంచి గోదావరికి వచ్చి కాపురం చేస్తే, మూడో తరం మగబిడ్డ వెనక్కి వెళ్ళి గద్దె ఎక్కాడు. మేనరికాన్ని మనం ఇంటి ఆచారంగా చూస్తాం గానీ, రాజుల ఇళ్ళలో అది ఇచ్చిన ఆస్తిని మళ్ళీ ఇంటికే తెచ్చుకునే ఏర్పాటు. ఇచ్చిన పొలం పరాయిపాలు కాకూడదని మన వైపు పెద్దలు మేనకోడల్ని కోడలిగా తెచ్చుకున్నారే, లెక్క అదే.

ఇక రుద్రమదేవి. ఆమె కథ అందరికీ తెలుసు అనుకుంటాం. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమను వారసురాలిగా పెట్టాడు. శాసనాల్లో ఆమెకు 'రుద్రదేవ మహారాజు' అని మగపేరు. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు భర్త అయినా గద్దె ఆమెదే. ఇక్కడ అళియ లేడు. దక్షిణాదిలో ఇంత తేటగా కూతురే రాజు అయిన సందర్భాలు చాలా తక్కువ. దానికి ఆమె పడ్డ కష్టం మన కడప గడ్డకు బాగా తెలుసు. కడప దగ్గర వల్లూరు రాజధానిగా ఏలిన కాయస్థ అంబదేవుడు ఆమె మీద తిరగబడ్డాడు. ఆ పోరులోనే ముసలితనంలో ఆమె చనిపోయి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం. నల్లగొండ వైపు చందుపట్లలో ఒక మామూలు బంటు వేయించిన 1289 నాటి శాసనం ఆమె శివలోకం చేరిందని చెబుతుంది. ఒక బంటు, తన రాణి పుణ్యం కోసం, ఊరి చెరువు కింద కొంత భూమి దేవుడికి ఇస్తూ వేయించిన రాయి. ఆ రాయి లేకపోతే ఆమె ఎప్పుడు పోయిందో మనకు తెలిసేది కాదు.

అయితే అందరూ దాటేసే విషయం ఒకటుంది. రుద్రమకు ముగ్గురు కూతుళ్ళు: ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ. ఆమె గద్దె వాళ్ళలో ఎవరికీ ఇవ్వలేదు. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని అతనికి ఇచ్చింది. తండ్రి తనకు ఇచ్చినదాన్ని తాను కూతురికి ఇవ్వలేకపోయింది. ఆమెను తప్పుపట్టడం లేదు. ఒక ఆడమనిషి గద్దె మీద కూర్చుంటే సామంతులు ఎలా తిరగబడతారో ఒంటి మీద అనుభవించిన మనిషి ఆమె. బహుశా కూతుళ్ళ మీద ప్రేమతోనే ఆ బరువు మనవడి మీద పెట్టి ఉంటుంది. కానీ దాంతో ఒక సంగతి తేలిపోయింది. రుద్రమ గద్దె ఎక్కింది కొడుకు లేని లోటు తీర్చడానికి, ఆడబిడ్డలకు తలుపు తెరవడానికి కాదు. ముమ్మడమ్మ మళ్ళీ దారే అయింది.

గోల్కొండలోనూ ఇదే జరిగింది. గండికోట, కడప గోల్కొండ కింద ఉన్న రోజుల్లో సుల్తాన్ అబ్దుల్లాకు కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్ళు. 1656లో ఔరంగజేబు ముట్టడి ఆపడానికి ఒక కూతుర్ని అతని కొడుక్కి ఇచ్చాడు. 1672లో అబ్దుల్లా పోయాక అల్లుళ్ళ మధ్య పోటీ. చిన్న అల్లుడు అబుల్ హసన్ గద్దె ఎక్కాడు. ఆయనే తానీషా, భద్రాచలం రామదాసు కథలోని తానీషా. ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఉన్న ఇంట్లో వారసత్వం మీద కొట్టుకున్నది పరాయి మగవాళ్ళు.

ఇదంతా ప్రకృతి నియమం అనుకునే వాళ్ళకు నేను కేరళ చూపిస్తాను. ట్రావన్కోర్ రాజవంశంలో గద్దె మేనల్లుడికి పోయేది. రాజుగారి అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు రాజకుటుంబం. రాజుగారి సొంత కూతురు రాకుమార్తె కాదు. ఆయన భార్య మహారాణి కాదు. ఆడపిల్ల పుట్టకపోతే వంశం ఆగిపోతుంది కాబట్టి, ఆడపిల్లల కోసం దత్తత వెతుక్కునేవాళ్ళు. 1900లో అలా దత్తత వెళ్ళిన ఇద్దరు చిన్నపిల్లలు చిత్రకారుడు రాజా రవివర్మ మనవరాళ్ళు. మన దగ్గర కొడుకు కోసం యజ్ఞాలు చేసిన రాజులుంటే, నాలుగు వందల మైళ్ళ దూరంలో ఆడపిల్ల కోసం బంధువుల ఇళ్ళ చుట్టూ తిరిగిన రాజులున్నారు. అదే రక్తం, అదే దేవుళ్ళు. మారింది ఆస్తి నడిచే దారి ఒక్కటే. దాంతో 'రాకుమార్తె' అన్న మాటకు అర్థమే మారిపోయింది.

రాతి మీద పేరు

సొంత డబ్బు ఉన్న రాకుమార్తె బతుకు వేరు. ఇది నాకు శ్రీశైలంలో అర్థమైంది.

పాతాళగంగకు రోప్‌వే ఉంది. మా అమ్మ మాత్రం మెట్ల మీదే దిగుతాను అంటుంది. మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగుతూ, ప్రతి మలుపు దగ్గరా నిలబడి, 'ఈ మెట్లు కట్టించిన పుణ్యాత్మురాలు చల్లగా ఉండాల' అంటుంది. ఎవరో ఆమెకు తెలీదు. ఆడమనిషే కట్టించి ఉంటుందని ఆమెకు ఎందుకనిపించిందో నాకూ తెలీదు. కానీ నిజమే. గుడి నుంచి కృష్ణ దాకా మెట్లు కట్టించింది విజయనగర రెండో హరిహరరాయల భార్య విఠలాంబ, 14వ శతాబ్దం చివర్లో. అంతకుముందే కాకతీయ గణపతిదేవుడి తోబుట్టువు మైలమదేవి మల్లన్న గుడికి పని చేయించింది. రాజులు కోటలు కట్టారు, కోటలు కూలాయి. ఆ మెట్ల మీద ఆరు వందల ఏళ్ళుగా జనం తడి కాళ్ళతో ఎక్కుతున్నారు.

ఇలాంటి పని చేయాలంటే ఆమె చేతిలో డబ్బు ఉండాలి. రాణులకు, రాకుమార్తెలకు కొన్ని గ్రామాల ఆదాయం విడిగా ఇచ్చేవాళ్ళు. దాన్ని ఏం చేయాలన్నది చాలావరకు వాళ్ళ ఇష్టం. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం శాసనాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రాజులు అశ్వమేధాలు చేసుకుంటుంటే, ఆ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధ భిక్షువులకు స్తూపాలు, విహారాలు కట్టించారు. రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి మహాచైత్యం కట్టించింది, ఆమే ఆయనకు అత్తగారు కూడా. ఆయన కూతురు కొడబలిసిరి వనవాసి రాజుకు భార్యగా వెళ్ళి కూడా ఇక్కడ విహారం కట్టించింది. ఇంటి మగవాళ్ళ దేవుడు ఒకరు, తాము నమ్మిన ధర్మం మరొకటి. దాన్ని రాతి మీద చెక్కించుకునే స్వేచ్ఛ డబ్బు వల్ల వచ్చింది.

మొగలుల్లో జహనారా సంగతి ఇంకా స్పష్టం. 1631లో తల్లి ముంతాజ్ చనిపోతే, ఆ ఆస్తిలో సగం పదిహేడేళ్ళ జహనారాకు, మిగతా సగం మిగిలిన పిల్లలందరికీ పంచారు. సూరత్ రేవు ఆదాయం ఆమెది. సొంత ఓడలు నడిపింది. ఢిల్లీ చాందినీ చౌక్ ఆమె వేయించిన బజారే. పెళ్ళి మాత్రం లేదు. మొగలు రాకుమార్తెలకు అల్లుడు వస్తే గద్దెకు పోటీ వస్తాడన్న భయం, అందుకే చాలామందిని అలాగే ఉంచేశారు. ఒక తలుపు మూసి ఇంకో తలుపు తెరిచారు. తెరిచింది కూడా తండ్రి దయ ఉన్నంతకాలమే. ఔరంగజేబు కూతురు జేబున్నిసా గొప్ప కవయిత్రి. 1681లో తమ్ముడు అక్బర్ తిరుగుబాటు చేస్తే, అతనితో ఉత్తరాలు నడిపిందని తండ్రి ఆమెను సలీంగఢ్ కోటలో పెట్టాడు. ఇరవై ఏళ్ళకు అక్కడే పోయింది.

మా వైపు చెరువులు కూడా ఇలాంటి పేర్లే మోస్తున్నాయి. కంభం చెరువు ఇప్పుడు మన జిల్లాల్లో లేదు గానీ 1970 దాకా కంభం కర్నూలు జిల్లాలోనే ఉండేది. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డం వేసిన ఆ కట్టను, కృష్ణదేవరాయలకు ఇచ్చిన ఒరిస్సా గజపతుల ఆడబిడ్డ వరదరాజమ్మ కట్టించిందని అక్కడి వాళ్ళ నమ్మకం. తండ్రి యుద్ధంలో ఓడిపోయాక సంధి కింద వచ్చిన పిల్ల. ఆమె రాయలకు దూరమై బతికిందని కథలు కథలుగా చెప్పుకుంటారు. కథల సంగతి ఎలా ఉన్నా, కంభం రైతు నీళ్ళు పారించుకునేటప్పుడు తలుచుకునేది గెలిచిన రాయల్ని కాదు.

అనంతపురం చెరువుకు రెండు కొసల్లో రెండు ఊళ్ళు. ఒక కొసన బుక్కరాయల పేరిట బుక్కరాయసముద్రం. ఇంకో కొసన ఆయన రాణి అనంతమ్మ పేరిట అనంతసాగరం, అదే అనంతపురం అయిందని చెబుతారు. అదే చెరువు కట్టకు ఇంకో ఆడదాని కథ ఉంది. గండి పడబోతుంటే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇమ్మని అశరీరవాణి పలికిందట, ఆమె తనంతట తానే నడిచి వెళ్ళి గండికి అడ్డం పడిందట. ముసలమ్మ కట్ట అని ఇప్పటికీ అంటారు. రాణి చెరువుకు పేరిచ్చింది, కోడలు ఒళ్ళు ఇచ్చింది. రాకుమార్తెల గురించి రాసేటప్పుడు ముసలమ్మను మర్చిపోతే నా రాత సగమే అవుతుంది. కోట లోపలి పిల్లకు లేని స్వేచ్ఛ గురించి ఎంత బాధపడినా, ఆ కోటకు ధాన్యం పంపిన ఇళ్ళలో పిల్లల బతుకు అంతకంటే మెరుగ్గా లేదు.

గద్దె పోయాక

రాజ్యం పోయినప్పుడు రాకుమార్తె ఏమవుతుంది? మగపిల్లల్ని చంపుతారు, లేదా పింఛను ఇచ్చి దూరం పంపుతారు. ఆడపిల్లలు లెక్కలోకే రారు. టిప్పు సుల్తాన్ తల్లి ఫక్రున్నిసా మన కడప బిడ్డ, కడప కోట అధికారి మీర్ మొయినుద్దీన్ కూతురు. ఇప్పుడు శ్రీరంగపట్నం గుంబజ్‌లో భర్త హైదరాలీ, కొడుకు టిప్పు పక్కనే ఆమె సమాధి ఉంది. 1799లో టిప్పు పోయాక ఆ కుటుంబాన్నంతా కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్ళు వేలూరు కోటలో పెట్టారు. 1806 జూలైలో అక్కడే టిప్పు కూతురి పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళి సందడి చాటున సిపాయిలు కూడబలుక్కుని, 10వ తేదీ తెల్లవారక ముందే తిరగబడ్డారు. మధ్యాహ్నానికల్లా కుంఫిణీ వాళ్ళు వందల మంది సిపాయిల్ని చంపి కోటను మళ్ళీ పట్టుకున్నారు. తర్వాత టిప్పు వారసుల్ని కలకత్తాకు పంపేశారు. వేలూరు తిరుగుబాటు మీద ఎంతో రాశారు. తలపాగా గొడవ, బొట్టు తీసేయమన్న ఉత్తర్వు, అన్నీ ఉంటాయి. పెళ్ళి కూతురు మాత్రం 'టిప్పు కూతురు' గానే మిగిలింది. పారాణి ఆరకముందే కోట నిండా శవాలు చూసిన ఆ పిల్ల.

ఇప్పటి రాజకుటుంబాల్లో కాస్త మారింది. స్వీడన్‌లో 1980లో చట్టం మార్చి మొదట పుట్టిన వాళ్ళకే గద్దె అన్నారు, దాంతో తమ్ముడికి పోయిన హక్కు అక్క విక్టోరియాకు వచ్చింది. బ్రిటన్‌లో అదే మార్పు 2013 చట్టంతో వచ్చింది. జపాన్‌లో 1947 చట్టం ఇంకా నడుస్తోంది. ఆడవాళ్ళు గద్దె ఎక్కకూడదు, మామూలు మనిషిని పెళ్ళాడితే రాజకుటుంబం నుంచే పేరు కొట్టేస్తారు. 2021లో మాకో రాకుమారి తన క్లాస్‌మేట్‌ను పెళ్ళి చేసుకుని, వెళ్ళేటప్పుడు ఇచ్చే డబ్బు కూడా వద్దని వెళ్ళిపోయింది.

మనకు రాజులు లేరు, పొలాలున్నాయి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది. అయితే 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళయిపోయిన వాళ్ళకు అది వర్తించలేదు. మా మేనత్తకు అప్పటికే ఇద్దరు పిల్లలు. 2005లో కేంద్రం చట్టం మార్చి పెళ్ళయిన కూతుళ్ళకూ హక్కు ఇచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు మా ఇంట్లో భాగాలు పంచుకున్నారు. అత్త తన హక్కు వదులుకుంటున్నట్టు కాగితం కావాలన్నారు. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా అన్నారు. ఆ ఎకరా మా మామ బోర్ల అప్పులకు ఎప్పుడో అమ్మేశాడు.

నేనూ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళాను. రైటర్ కాగితం పెద్దగా చదివాడు. ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి భార్య, తర్వాత సర్వే నంబర్లు, హద్దులు. అత్త కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వింది. వేలిముద్ర చాలన్నారు గానీ, నాకు సంతకం వచ్చు అని పెన్ను అడిగి తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. పెన్ను మూత పెట్టి ఇచ్చేసి మా నాయన వైపు తిరిగి అడిగింది: 'పైచేని గట్టు మీద చింతచెట్టు ఇంకా ఉందా, అన్నా?'